పిల్లల కంటే ముందు పెద్దలకు శిక్షణ: యుక్తవయసు వాళ్లకు అండగా నిలిచే బృందాన్ని తయారు చేసుకోవడం ఎలా?

యుక్తవయసు పిల్లల గురించి పెద్దలు మీటింగ్ పెట్టుకుంటే మాటలు దాదాపు ఎప్పుడూ ఒకే దారి పడతాయి. ఫోన్లు, చెడు సావాసాలు, చదువు మీద ధ్యాస లేకపోవడం. ఒక వక్త వచ్చి గంటన్నర మాట్లాడతారు, అందరూ తలలూపుతారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు ఇంట్లో, బడిలో, ఆటస్థలంలో పిల్లలతో మాట్లాడే తీరు మాత్రం ఇసుమంతైనా మారదు. బడి తరఫునో, యువజన సంఘం తరఫునో, మీరుండే ప్రాంతం తరఫునో ఇలాంటి శిక్షణ పెట్టాలని మీరు అనుకుంటుంటే, ఆ మారని భాగం మీదే గురి పెట్టండి. పెద్దవాళ్లు రోజూ చేసే చిన్న చిన్న పనులు మారితేనే పిల్లలకు తేడా తెలుస్తుంది.

హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. వాళ్లలో కొందరిది పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం ఇలా ఒకదాని మీద ఒకటి కష్టాలు పడిన బాల్యం. అలాంటి పిల్లల్లోనూ సుమారు మూడో వంతు మంది నిలదొక్కుకుని, బాధ్యత గల మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో పదేపదే కనిపించిన విషయాల్లో ఒకటి, తమను పట్టించుకునే పెద్దమనిషి కనీసం ఒక్కరైనా ఉండటం. అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో. మీరు పెట్టబోయే శిక్షణ పని కూడా అలాంటి మనుషుల్ని ఇంకొందరిని తయారు చేయడమే.

1. ఏం మారాలో ముందు రాసుకోండి

"యువతలో చైతన్యం తేవడం" లాంటి లక్ష్యం పెట్టుకుంటే అది నెరవేరిందో లేదో ఎవరికీ తెలియదు. ఒక కాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: "శిక్షణ అయిన మూడు నెలలకు మా దగ్గర పెద్దవాళ్లు పిల్లలతో ఇప్పుడు చేయని ఏ పని చేస్తుంటారు?" జవాబు కంటికి కనిపించే పనిలా ఉండాలి. "పిల్లల్ని పేరు పెట్టి పలకరిస్తారు", "ఆటస్థలం వేళల్ని పిల్లలతో కూర్చుని నిర్ణయిస్తారు", "తప్పు జరిగినప్పుడు నలుగురిలో అరవకుండా పక్కకు పిలిచి మాట్లాడతారు" లాంటివి.

యువత ఎదుగుదల కోసం పనిచేసేవాళ్లు రిచర్డ్ లెర్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ప్రాచుర్యంలోకి తెచ్చిన ఐదు గుణాల చట్రాన్ని ఎక్కువగా వాడతారు: సామర్థ్యం, ఆత్మవిశ్వాసం, మనుషులతో అనుబంధం, మంచి నడవడి, ఇతరుల పట్ల ఆపేక్ష. ఈ ఐదూ కుదిరిన పిల్లలు ఆరోది తామే అందుకుంటారని, అంటే తమ కుటుంబానికి, సమాజానికి తమవంతు ఏదైనా చేస్తారని లెర్నర్ ఆలోచన. ఇందులో నాకు బాగా నచ్చేది ఒకటుంది. సిగరెట్ తాగడం లేదు, బడి ఎగ్గొట్టడం లేదు, కాబట్టి పిల్లవాడు బాగున్నాడు అనుకోవడానికి ఈ చట్రం ఒప్పుకోదు. సమస్యలు లేకపోవడం వేరు, ఎదుగుదల వేరు. మీ లక్ష్యాల్లో కనీసం సగం ఎదుగుదల వైపువి ఉండేలా చూసుకోండి.

2. పిల్లల్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి

శిక్షణలో ఏం నేర్పాలో నిర్ణయించే ముందు ఎనిమిది, పది మంది యుక్తవయసు వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. చదువులో ముందున్నవాళ్లను, మైకు ఇస్తే బాగా మాట్లాడేవాళ్లను మాత్రమే పిలిస్తే మీకు వినసొంపైన జవాబులే వస్తాయి. బడి మానేసినవాళ్లు, పనికి వెళ్తున్నవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఎప్పుడూ వెనక బెంచీలో ఉండేవాళ్లు కూడా అందులో ఉండాలి. అమ్మాయిలు నలుగురిలో చెప్పలేనివి ఉంటాయి కాబట్టి వాళ్లతో విడిగా కూడా ఒకసారి కూర్చోండి.

ప్రశ్నలు సూటిగా ఉండాలి. ఈ చుట్టుపక్కల నీ పేరు తెలిసిన పెద్దవాళ్లు ఎవరు? నీకేదైనా కష్టం వస్తే ఎవరి దగ్గరికి వెళ్తావు? ఎక్కడికి వెళ్తే నిన్ను అనుమానంగా చూస్తారు? సాయంత్రాలు ఎక్కడ కూర్చుంటారు, అక్కడి నుంచి ఎవరు వెళ్లగొడతారు? ఆ ప్రాంతం మ్యాపును చేత్తో గీయమని చెప్పి, హాయిగా అనిపించే చోట ఒక రంగు, భయంగానో ఇబ్బందిగానో అనిపించే చోట ఇంకో రంగు పెట్టమనండి. ఆ కాగితమే మీ మొదటి క్లాసుకి పాఠం.

బడి తరఫున చేస్తుంటే ఇంకో పద్ధతి ఉంది. పిల్లల పేర్లన్నీ పెద్ద చార్టుల మీద రాసి, పిల్లలు లేనప్పుడు స్టాఫ్ రూమ్ గోడకు అంటించండి. తనకు బాగా తెలిసిన, తన దగ్గర మనసు విప్పి మాట్లాడే పిల్లల పేర్ల పక్కన ప్రతి ఉద్యోగీ ఒక చుక్క పెట్టాలి. అటెండరు, ఆయా, బస్సు డ్రైవరు కూడా పెట్టాలి. అందరూ పెట్టాక కాస్త వెనక్కి జరిగి చూడండి. కొన్ని పేర్ల పక్కన ఏడెనిమిది చుక్కలుంటాయి. కొన్నింటి పక్కన ఒక్కటీ ఉండదు. చుక్క లేని ప్రతి పేరునూ ఎవరో ఒకరు తీసుకుని, రాబోయే కొన్ని వారాలు ఆ పిల్లవాడిని లేదా ఆ పాపను రోజూ పలకరించాలి. వాళ్లకు ఏది ఇష్టమో తెలుసుకోవాలి. ఇందుకు డబ్బు ఖర్చు లేదు, వక్త అక్కర్లేదు. పని అవగానే చార్టులు తీసేయండి, అవి పిల్లల కంట పడకూడదు.

3. ఎవరిని పిలవాలి?

తల్లిదండ్రులు, టీచర్లు ఎలాగూ ఉంటారు. పిల్లలకు రోజూ ఎదురయ్యే మిగతావాళ్లు మన లిస్టులోకి రారు. కోచ్, లైబ్రేరియన్, సెక్యూరిటీ గార్డు, ఆరోగ్య కార్యకర్త, ట్యూషన్ చెప్పేవాళ్లు, పిల్లలు గుమికూడే దుకాణాల వాళ్లు, పోలీసులు, రిటైరై ఖాళీగా ఉన్నవాళ్లు. ఒక్కొక్కరినీ స్వయంగా వెళ్లి పిలవండి. పదిహేను నుంచి ఇరవై మంది దాటితే సాధన చేయించడం కష్టం, ఎక్కువమంది వస్తానంటే రెండు బ్యాచ్‌లు పెట్టండి.

4. భద్రత నియమాలు మొదటి రోజుకే సిద్ధంగా ఉండాలి

పిల్లలకు దగ్గరవ్వమని పెద్దలకు నేర్పుతున్నామంటే ఆ దగ్గరితనాన్ని ఎవరూ దుర్వినియోగం చేయకుండా కాపలా కూడా మనమే పెట్టాలి. మంచివాళ్లే కదా వచ్చేది అని మొహమాటపడి ఈ పని వాయిదా వేస్తే నష్టపోయేది పిల్లలు. వాలంటీరుగా వచ్చే ప్రతి ఒక్కరి గురించి వాళ్లతో సంబంధం లేని ఇద్దరిని వాకబు చేయండి. చట్టం కోరితే పోలీసు వెరిఫికేషన్ చేయించండి. ఒక పెద్దమనిషి, ఒక పిల్ల లేదా పిల్లవాడు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మాట్లాడేది ఇతరులకు వినబడకపోయినా కనబడేలా ఉండాలి. రాత్రిపూట వ్యక్తిగత మెసేజ్‌లు, రహస్యంగా బహుమతులు ఇవ్వడం వద్దు.

"ఎవరికీ చెప్పను" అని పిల్లలకు మాట ఇవ్వకూడదన్నది అందరితో పలికించి మరీ నేర్పాల్సిన నియమం. "నువ్వు చెప్పింది ఊరికే నలుగురికీ చెప్పను. కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ ప్రమాదం ఉందనిపిస్తే, సాయం చేయగలిగినవాళ్లకు చెప్పక తప్పదు. ఎవరికి చెప్తానో ముందు నీకు చెప్తాను" అనాలి. వేధింపుల గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి పిల్లలు చెప్తే ఎవరికి ఫోన్ చేయాలో, మీ దగ్గరి చట్టం ప్రకారం ఎవరికి తెలియజేయాలో ఒక చిన్న కార్డు మీద రాసి అందరికీ ఇవ్వండి. దర్యాప్తు చేయడం వాలంటీరు పని కాదని కూడా అదే కార్డు మీద ఉండాలి.

5. ఒక్క రోజు వర్క్‌షాప్ వద్దు

టీచర్ల శిక్షణ మీద బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే విద్యా పరిశోధకులు 1980ల నుంచి చెప్తూ వచ్చిన సంగతి ఇక్కడా పూర్తిగా వర్తిస్తుంది. విన్నది ఆచరణలోకి రావాలంటే చూపించాలి, చేయించాలి, చేశాక ఎలా చేశారో చెప్పాలి, తర్వాత పనిచేసే చోటికి వెళ్లి తోడుగా ఉండాలి. లెక్చర్ ఒక్కటే అయితే చేతల్లోకి వచ్చేది బహు స్వల్పం. అందుకే రెండు గంటల చొప్పున, రెండు వారాలకొకసారి, ఆరు విడతలు పెట్టమని నేను చెప్తాను. మధ్యలో ఉండే రెండు వారాలే అసలైన శిక్షణ కాలం. ప్రతి విడత చివర ప్రతి ఒక్కరూ చేయబోయే పని ఒకటి చెప్పాలి, తర్వాతి విడత "ఏమైంది?" అన్న ప్రశ్నతోనే మొదలవ్వాలి.

మొదటి విడతలో ఉపన్యాసం వద్దు. "మీకు పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు మీకు మేలు చేసిన పెద్దమనిషి ఎవరు? ఆయన లేదా ఆవిడ ఏం చేశారు?" అని అడిగి పక్కవాళ్లతో చెప్పుకోనివ్వండి. తర్వాత ఆ పనుల్ని బోర్డు మీద రాయండి. "నా మాట విన్నారు", "నన్ను నమ్మి తాళాలు చేతికిచ్చారు", "ఓడిపోయినా మళ్లీ రమ్మన్నారు" లాంటివే వస్తాయి. క్లాసు పీకారని రాసేవాళ్లు అరుదు. ఆ బోర్డు చూశాక వాళ్లకు వేరే సిద్ధాంతం చెప్పనక్కర్లేదు.

అప్పుడు మెదడు గురించి పది నిమిషాలు చెప్పండి. ముందు వెనకలు ఆలోచించి అడుగు వేయించే మెదడు ముందుభాగం ఇరవై దాటి పాతికకు దగ్గరయ్యే దాకా పరిపక్వమవుతూనే ఉంటుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కారు నడిపే కంప్యూటర్ గేమ్‌తో ఒక ప్రయోగం చేశారు. స్నేహితులు పక్కనుంటే యుక్తవయసు వాళ్లు ఒంటరిగా ఆడినవాళ్ల కంటే బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు కనిపించలేదు. దీన్నుంచి మనం పట్టుకోవాల్సింది ఏమిటంటే, స్నేహితుల మధ్య ఉన్న పిల్లవాడిని మందలిస్తే వాడు మన మాట కంటే వాళ్ల చూపులనే లెక్కలోకి తీసుకుంటాడు. పక్కకు పిలిచి, టెన్షన్ తగ్గాక మాట్లాడాలి.

6. వినడం సాధన చేయించండి

మొత్తం ఆరు విడతల్లో రెండు దీనికే ఇవ్వండి. వినడం మాకు వచ్చు అని అందరూ అనుకుంటారు, అందుకే ఇది నేర్పడం కష్టం.

ముగ్గురేసి కూర్చోవాలి. ఒకరు పదిహేనేళ్ల అమ్మాయి, ఒకరు కోచ్, మూడోవారు కాగితం పట్టుకుని గమనించేవారు. అమ్మాయి అంటుంది: "రేపటి నుంచి ప్రాక్టీస్‌కి రాను సార్."

మొదటిసారి ఎవరికి తోచినట్టు వాళ్లను మాట్లాడనివ్వండి. దాదాపు ఇలా ఉంటుంది: "ఎందుకు రావు? ఇన్నాళ్లు పడ్డ కష్టమంతా బూడిదలో పోస్తావా? మీ అమ్మానాన్నలు ఎంత ఆశ పెట్టుకున్నారో తెలుసా?" ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు. ఒక్కదానికీ నిజమైన జవాబు అవసరం లేదు. అమ్మాయి పాత్రలో ఉన్నవారు "ఏం లేదు సార్, ఊరికే" అని తల దించుకుంటారు. మాట అక్కడితో తెగిపోతుంది. గమనించేవారు మూడు లెక్కలు రాయాలి: ఎన్ని సలహాలు ఇచ్చారు, ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎంతసేపు మౌనంగా ఉన్నారు.

రెండోసారి నియమాలు పెట్టండి. మొదటి ఐదు నిమిషాలు సలహా ఇవ్వకూడదు. ఒక ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా ఇంకొకటి వేయకూడదు. ఎదుటివాళ్లు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్పాలి.

"రానంటున్నావా... ఏమైందమ్మా?"

ఇక్కడ ఆగాలి. నాలుగైదు సెకన్ల మౌనం అలవాటు లేనివాళ్లకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, ఏదో ఒకటి అనేయాలని నోరు లాగుతుంది. లాగనివ్వండి.

"ఏం లేదు... టీమ్‌లో ఎవరూ నాతో మాట్లాడట్లేదు."

"అందరూ నిన్ను పక్కన పెట్టేశారు అనిపిస్తోందన్నమాట. ఎప్పటి నుంచి?"

"మొన్న మ్యాచ్ నా వల్లే పోయిందని..."

"అది చాలా బాధగా ఉండి ఉంటుంది. నేనిప్పుడు ఏం చేస్తే నీకు పనికొస్తుంది? వింటే చాలా, నన్ను ఏమైనా చేయమంటావా?"

ఆ చివరి ప్రశ్నను అందరితో రెండు మూడుసార్లు పలికించండి. మన సాయం ఎంత కావాలో, ఎలా కావాలో చెప్పే హక్కు పిల్లల చేతికి వెళ్లేది అక్కడే. తర్వాత పాత్రలు మార్చుకోవాలి, పెద్దవాళ్లందరూ కనీసం ఒకసారైనా అమ్మాయి పాత్రలో కూర్చోవాలి. సలహాల వాన కింద కూర్చుంటే ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. వీలైతే నిజంగా ఆ వయసులో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని ట్రైనర్లుగా పిలవండి. "ఇప్పుడు మీరన్న మాటకు నేనైతే లేచి వెళ్లిపోయేదాన్ని" అని వాళ్లు అంటే దాని బరువే వేరు. వాళ్లకు ముందుగా తర్ఫీదు ఇవ్వండి, వచ్చినందుకు గౌరవంగా ఏదైనా ఇవ్వండి. వాళ్ల సొంత జీవితంలోని కష్టాలు మాత్రం అక్కడ చెప్పించకండి.

7. మెచ్చుకోలు, మందలింపు

"నువ్వు చాలా తెలివైనవాడివి" అన్న మాట ప్రోత్సాహంలా వినిపిస్తుంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్లని పొగడ్త విన్న పిల్లలు కష్టమైన పజిళ్ల దగ్గర తడబడ్డాక త్వరగా డీలా పడ్డారు. బాగా శ్రమించారని మెచ్చుకోలు విన్న పిల్లలు ఇంకాసేపు పట్టు పట్టారు. కాబట్టి ఏం చేశారో చూసి ఆ పనినే చెప్పడం నేర్పండి: "కొత్తగా వచ్చిన పిల్లవాడిని నీ పక్కన కూర్చోబెట్టుకున్నావు, చూశాను."

మందలింపు విషయంలో పెద్దలకు ఒక భయం ఉంటుంది, ఇదంతా పిల్లల్ని నెత్తికెక్కించుకోవడమేనేమో అని. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. ఆప్యాయతతో పాటు స్పష్టమైన నియమాలు కూడా ఉన్న చోటే పిల్లలు బాగా ఎదుగుతారు. నియమాలు తక్కువగా ఉండాలి, కారణం చెప్పాలి, అందరికీ ఒకేలా అమలు కావాలి. భయపెట్టి దారిలో పెట్టాలనుకునేవాళ్లకు మాత్రం ఒక నిజం చెప్పండి. పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో బెదిరించే కార్యక్రమాలు అమెరికాలో 1970ల నుంచి నడిచాయి. వాటి మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, అలా వెళ్లొచ్చిన పిల్లలు తర్వాత నేరాలు చేసే అవకాశం పెరిగిందని తేలింది. గొడవలు చేసే పిల్లలనందర్నీ ఏరి ఒక్క చోట చేర్చి "కౌన్సెలింగ్" ఇవ్వడం కూడా ఎదురుతిరగొచ్చు. అక్కడ ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. వాళ్లను అందరితో కలిపే కార్యక్రమాలు పెట్టండి.

8. నిజమైన నిర్ణయం ఒకటి పిల్లల చేతిలో పెట్టండి

రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదంటారు ఆయన. పెద్దలు తమ మాటలు పిల్లల నోట పలికించడం, పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడం, పేరుకు ఒకరిని కూర్చోబెట్టడం. ఈ నిచ్చెనను గోడ మీద గీసి, మీ దగ్గర కిందటి ఏడాది జరిగిన కార్యక్రమాలు ఏ మెట్టు మీదకు వస్తాయో పెద్దల చేతే పెట్టించండి. స్వాగతం చెప్పడానికి పూలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు ఏ మెట్టో వాళ్లకే అర్థమవుతుంది. తన జీవితాన్ని తాకే విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్తుంది. ఎవరైనా ఇది పెద్దల దయ అన్నట్టు మాట్లాడితే ఆ అధికరణం చదివి వినిపించండి.

మొదట చిన్న నిర్ణయమే తీసుకోండి, కానీ అది నిజంగా వాళ్లదై ఉండాలి. లైబ్రరీ సాయంత్రం ఎన్నింటిదాకా తెరవాలి, ఆటస్థలం అమ్మాయిలకు ఏ వేళ కేటాయించాలి, ఫలానా మొత్తం దేనికి ఖర్చు పెట్టాలి. కమిటీలో ఒక్కరినే పెడితే ఆ ఒక్కరు నోరు విప్పరు, ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి. మీటింగ్ బడి వేళల్లో పెట్టకూడదు. కాగితాలు ముందే ఇచ్చి అర్థమయ్యేలా వివరించాలి. పెద్దలు మాట్లాడే ముందు పిల్లల్ని మాట్లాడనివ్వాలి. వాళ్లు చెప్పింది చేయలేకపోతే ఎందుకు చేయలేకపోయారో వచ్చే మీటింగ్‌లో చెప్పాలి. చివరి ఈ ఒక్కటి వదిలేస్తే మళ్లీ పిలిచినా రారు.

9. మధ్యలో వదిలేసేవాళ్లను ముందే వదులుకోండి

ఒక్కో వాలంటీరుకు ఒక్కో పిల్లవాడిని జత చేసే ఆలోచన ఉంటే కనీసం ఏడాది ఉంటామని మాట తీసుకోండి. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి పైగా సాగిన జోడీల పిల్లలకు మేలు ఎక్కువగా కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న విలువే తగ్గింది. అంటే మొదలుపెట్టి వదిలేయడం కంటే మొదలుపెట్టకపోవడమే నయం. ఎవరైనా నిజంగా వెళ్లాల్సి వస్తే చెప్పాపెట్టకుండా మాయం కాకూడదు, పిల్లవాడిని కలిసి, కారణం వాడిది కాదని చెప్పి వెళ్లాలి.

10. మనుషుల తర్వాత చుట్టూ ఉన్న ఏర్పాట్లు

ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ల పిల్లల్లో 42 శాతం మంది అంతకు ముందు నెలలో తాగి మత్తులో మునిగామని సర్వేలో చెప్పారు. 2016కి అది 5 శాతానికి దిగింది. "మద్యం చెడ్డది" అన్న ప్రచారంతో ఇది సాధ్యం కాలేదు. పిల్లలకు క్రమం తప్పకుండా సర్వే చేసి, ఏ బడి ఫలితాలు ఆ బడి దగ్గరి పెద్దలకు వెంటనే అందించారు. తల్లిదండ్రులు కలిసి ఒప్పందాలు రాసుకున్నారు, సాయంత్రాలు తమ వీధుల్లో కలిసి నడిచారు. ఆటలు, సంగీతం, కళల క్లబ్బుల్లో చేరడానికి ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. మీ దగ్గర ఇదంతా అలాగే కుదరకపోవచ్చు. పిల్లలు గీసిన మ్యాపులో "ఇబ్బందిగా ఉంది" అన్న ఒక్క చోటును బాగు చేయడంతో మొదలుపెట్టండి. లైట్లు పెట్టించడమో, టాయిలెట్ తెరిపించడమో, సాయంత్రం ఒక హాలు తాళం తీసి ఉంచడమో.

11. ఫలించిందా లేదా చూసుకోవడం

శిక్షణ ఎలా ఉందని పెద్దల్ని అడిగితే బాగుందనే అంటారు. అడగాల్సింది పిల్లల్ని. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకొకసారి, పేరు రాయకుండా ఈ నాలుగింటికి జవాబులు తీసుకోండి: ఇక్కడ నా పేరు తెలిసి నన్ను పట్టించుకునే పెద్దవాళ్లు ఉన్నారా, ఎందరు? గత నెలలో నా అభిప్రాయం వల్ల ఏదైనా మారిందా? కొత్తగా ఏదైనా చేయడం నేర్చుకున్నానా? ఎవరికైనా సాయపడే అవకాశం వచ్చిందా? దీంతో పాటు ఎవరైనా ఒకరు వెళ్లి క్లబ్బులో, క్లాసులో అరగంట కూర్చుని చూడాలి. పెద్దలు ఎంతసేపు మాట్లాడారు, పిల్లలు ఎంతసేపు మాట్లాడారు, ఎవరిని ఎవరూ పలకరించలేదు. చూసింది ఆ పెద్దమనిషికి విడిగా, ఆ రోజే చెప్పాలి.

ఫలితాలు వచ్చాక మొదట పిల్లలకే చూపించండి. అంకెల వెనక ఏముందో వాళ్లే చెప్పగలరు. పెద్దల మీటింగ్‌లో ఆ కాగితం చదివేది కూడా వాళ్లలో ఇద్దరు అయితే బాగుంటుంది. ఆ మీటింగ్ ముగిసేలోగా తర్వాతి మూడు నెలల్లో మార్చబోయే ఒక్క విషయం, దాని బాధ్యత తీసుకున్నవారి పేరు, మళ్లీ కలిసే తేదీ బోర్డు మీద రాసి ఉండాలి.